మెట్టు దిగే కాలు: కండరాలు మనల్ని నడిపించే తీరు

(రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు మీ అందరితో ఒక చిన్న పని చేయిస్తాను. కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చోండి. కుడి అరచేతిని కుడి తొడ మీద, మోకాలికి జానెడు పైన పెట్టండి. పెట్టారా? ఇప్పుడు పాదం నేల మీంచి లేపి, కాలు మెల్లగా ముందుకు చాపండి. పూర్తిగా చాపి అలాగే ఉంచండి. చేతి కింద ఏం తెలుస్తోంది? గట్టిపడింది కదా. ఇప్పుడు మెల్లగా, చాలా మెల్లగా కిందికి దించండి. చెయ్యి తీయకండి. దిగుతున్నంతసేపూ ఆ గట్టిదనం పోయిందా? పోలేదు. పాదం నేలకు తగిలాకే మెత్తబడింది.

ఇందులో రెండు వింతలున్నాయి. కదిలిందేమో మోకాలి కింది భాగం, గట్టిపడిందేమో తొడ. అంటే కదిలించేది ఒకచోట, కదిలేది ఇంకోచోట. ఇది మొదటిది. రెండోది నాకు ఇంకా ఇష్టమైనది. కాలు కిందికి రావడానికి కండరం ఎందుకు? వదిలేస్తే దాని బరువుకి అదే పడుతుంది కదా. మరి దిగుతున్నంతసేపూ ఆ కండరం ఎందుకంత బిగుసుకుని ఉంది? ఈ ప్రశ్న మనసులో పెట్టుకోండి. మళ్ళీ ఇక్కడికే వస్తాం.

నేను ఫిజియోథెరపిస్టుని. ఇరవై ఏళ్ళుగా రోజూ కాళ్ళతోనే నా పని. నా దగ్గరకు వచ్చేవాళ్ళు దాదాపు అందరూ అనే మాట ఒకటుంది. ‘నరం పట్టేసిందండీ’ అంటారు. మన వాడుకలో ఇదొక ఇబ్బంది. అన్నిటినీ నరం అనేస్తాం. చేతి మీద నీలంగా కనిపించేది నరం. మోకాలి వెనక తాడులా తగిలేదీ నరమే. రాత్రి నిద్రలో పిక్క ముడేసుకుపోతే అదీ నరమే. నీలంగా కనిపించేది సిర, అది రక్తం మోస్తుంది. మోకాలి వెనక తాడులా తగిలేది స్నాయువు, డాక్టర్లు టెండన్ అంటారు. కండరం చివర ఎముకను పట్టుకుని ఉండే తాడు అది. నేను ఈ పూటకి దాన్ని తాడు అనే అంటాను. పిక్క పట్టేసినప్పుడు బిగుసుకున్నది కండరం. ఇక అసలు నరం అంటే వెన్నుపాము నుంచి కండరానికి ఆజ్ఞ తెచ్చే తీగ. ఈ నాలుగూ విడివిడిగా చూడకపోతే కాలు ఎలా కదులుతుందో అర్థం కాదు. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. కండరానికి వచ్చిన పని ఒక్కటే, లాగడం. తోయడం దానికి రాదు. తాడు కట్టి బండిని లాగొచ్చు, అదే తాడుతో బండిని ముందుకు తోయగలమా? కండరం కూడా అంతే. మరి మనం బంతిని తంతాం కదా, అది తోయడం కాదా అంటారా? తన్నేటప్పుడు తొడ ముందు కండరం మోకాలి కింది ఎముకను ముందుకు లాగుతుంది. ఆ లాగుడికి పాదం ఊగి బంతికి తగులుతుంది. బయటి నుంచి చూస్తే తోపు, లోపల చూస్తే లాగుడు. మనిషి చేసే ప్రతి తోపు వెనకా ఎక్కడో ఒక లాగుడు ఉంటుంది.

లాగడమే వస్తే, లాగిన ఎముకను వెనక్కి తెచ్చేదెవరు? ఇంకో కండరం, అవతలి వైపు నుంచి. అందుకే కండరాలు జతలుగా ఉంటాయి. తొడ ముందు భాగంలో నాలుగు తలల కండరం, క్వాడ్రిసెప్స్. అది మోకాలిని చాపుతుంది. తొడ వెనక మూడు కండరాలు కలిపి హామ్‌స్ట్రింగ్స్. అవి మోకాలిని మడుస్తాయి. కూర్చునే ఉన్నారు కాబట్టి మోకాలి వెనక రెండు పక్కలా వేళ్ళతో తడమండి, మడమను కుర్చీ కాలికేసి వెనక్కి నొక్కండి. గట్టిగా రెండు తాళ్ళు పైకి లేస్తాయి. హామ్‌స్ట్రింగ్స్ తాళ్ళు అవే. మోకాలి కింద ముందువైపు ఉన్న కండరం పాదాన్ని పైకి ఎత్తుతుంది. వెనక ఉన్న పిక్క మడమను పైకి లాగుతుంది. తుంటి దగ్గర లోపలి నుంచి వచ్చే కండరం తొడను పైకి లేపుతుంది, పిరుదు కండరం దాన్ని వెనక్కి తీసుకెళ్తుంది. శరీరంలో అన్నిటికన్నా పెద్ద కండరం ఆ పిరుదు కండరమే. అన్నిటికన్నా పొడవైనది తొడ మీద ఏటవాలుగా దిగే సార్టోరియస్. లాటిన్‌లో దర్జీని సార్టర్ అంటారు, దాన్నుంచి వచ్చిన పేరు. బాసింపట్టు వేసుకుని కూర్చోవాలంటే తొడ లేవాలి, పక్కకు వెళ్ళాలి, బయటికి తిరగాలి, మోకాలు మడవాలి. ఈ నాలుగింటికీ చెయ్యి వేసే కండరం అది.

పేర్లు ఇంతకన్నా అవసరం లేదు. కండరం లోపలికి వెళ్దాం.

1791లో ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ చచ్చిన కప్ప కాళ్ళ మీద చేసిన ప్రయోగాలు ప్రచురించాడు. నరానికి విద్యుత్తు తగిలితే చచ్చిన కప్ప కాలు ఎగిరిపడింది. అంటే కండరానికి ఆజ్ఞ విద్యుత్తు రూపంలో వెళ్తోందని తెలిసింది. కానీ ఆజ్ఞ అందాక కండరం ఎలా పొట్టిదవుతుంది? దీనికి సరైన జవాబు దొరకడానికి ఇంకో నూట అరవై ఏళ్ళు పట్టింది. 1954లో ఒకే పత్రిక ఒకే సంచికలో రెండు జట్లు ఒకే జవాబు ఇచ్చాయి. ఒక జట్టులో ఆండ్రూ హక్స్లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కె. ఇంకో జట్టులో హ్యూ హక్స్లీ, జీన్ హాన్సన్. ఇద్దరు హక్స్లీలూ చుట్టాలు కారు, పేరు అలా కలిసింది.

వాళ్ళు చెప్పిందేమిటంటే, కండరం పొట్టిదైనప్పుడు దాని లోపలి పోగులేవీ పొట్టివి కావు. సాగే రబ్బరులాంటిది ఏదో లోపల ముడుచుకుంటుందని అనుకుంటాం కదా. అది కాదు. రెండు రకాల పోగులున్నాయి, యాక్టిన్ సన్నది, మయోసిన్ లావుది. అవి ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి. మీ రెండు చేతుల వేళ్ళూ చాపి, ఎదురెదురుగా పెట్టి, ఒకదాని సందుల్లోకి ఒకటి జొప్పించండి. చేతులు దగ్గరికొచ్చాయి. వేళ్ళు పొట్టివయ్యాయా? లేదు. అచ్చం ఇంతే.

జారేది దానంతటది కాదు. మయోసిన్‌కు చిన్న చిన్న తలలుంటాయి. నరం నుంచి ఆజ్ఞ రాగానే కండర కణంలో దాచి ఉన్న కాల్షియం బయటికొస్తుంది. అది రాగానే యాక్టిన్ మీద పట్టుకునే చోట్లు తెరుచుకుంటాయి. తల పట్టుకుంటుంది, వంగుతుంది, లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ ముందు చోట పట్టుకుంటుంది. నూతిలోంచి చేద తోడేటప్పుడు చెయ్యి మార్చి చెయ్యి తాడు పట్టి లాగినట్టు. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. పట్టు వదలడానికి ఏటీపీ కావాలి, అంటే కణానికి శక్తినిచ్చే పదార్థం. పట్టుకోవడానికి కాదు, వదలడానికి! మనిషి చనిపోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారిపోతుంది. ఎందుకు? ఏటీపీ అయిపోయింది, పట్టుకున్న తలలు వదలలేకపోయాయి. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మెత్తగా, వదులుగా ఉండటానికి కూడా శక్తి కావాలని అంతకుముందు నాకు తోచలేదు.

ఇప్పుడు చిన్న లెక్క. ఈ పోగుల అమరికలో ఒక్కో గది పొడవు సుమారు రెండున్నర మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో నాలుగువందలో వంతు. పది సెంటీమీటర్ల కండర తంతువులో అలాంటి గదులు వరసగా నలభై వేలుంటాయి. ఒక్కో గది అర మైక్రోమీటరు తగ్గిందనుకోండి, కంటికి కనిపించనంత. నలభై వేలు కలిస్తే? రెండు సెంటీమీటర్లు. తొడ కండరం రెండు సెంటీమీటర్లు పొట్టిదైంది.

రెండు సెంటీమీటర్లతో ఏమవుతుంది? చాలా అవుతుంది. తొడ కండరం తాడు మోకాలి చిప్పను చుట్టి కింది ఎముకకు అతుక్కుంటుంది. కీలు తిరిగే కేంద్రం నుంచి ఆ తాడు దూరం నాలుగైదు సెంటీమీటర్లు. చీలమండ దూరం నలభై సెంటీమీటర్లు అనుకోండి. తాడు రెండు సెంటీమీటర్లు లాగితే చీలమండ దాదాపు ఇరవై సెంటీమీటర్లు కదులుతుంది. కదలిక పదింతలైంది. కానీ ఊరికే రాదు. చీలమండ దగ్గర కిలో బరువు కట్టి కాలు చాపి ఉంచాలంటే తాడు దగ్గర సుమారు పది కిలోల లాగుడు కావాలి. ఇటలీకే చెందిన బొరెల్లి ఈ సంగతి మూడొందల ఏళ్ళకు పైగా క్రితమే లెక్కగట్టాడు, ఆయన పుస్తకం 1680లో వచ్చింది. కండరం తాను మోసే బరువుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ బలంతో లాగుతుందన్నాడు. బలం ఖర్చుపెట్టి వేగం, దూరం కొనుక్కునే ఏర్పాటు మన కాలు. అందుకే మనం పరుగెత్తగలం.

ఆ మోకాలి చిప్ప ఉంది చూశారూ, దాన్ని చాలామంది మోకాలికి మూతలాంటిది అనుకుంటారు. నిజానికి అది తాడు లోపల పెరిగిన ఎముక. తాడును కీలు నుంచి కాస్త ఎత్తులో ఉంచి దాని పట్టు పెంచుతుంది. బావి గిలక అంత కచ్చితంగా కాకపోయినా, దాదాపు ఆ పనే. చిప్ప తీసేయాల్సి వచ్చినవాళ్ళకు మోకాలు చాపే బలం బాగా తగ్గిపోతుంది. అది మూతే అయితే అలా జరగదు.

లేచి నిలబడటంలో ఉన్న చిక్కుముడి

ఇప్పుడు అందరూ ఒక్కసారి లేచి నిలబడండి. చేతుల సాయం లేకుండా. లేచేటప్పుడు ఒక చెయ్యి తొడ ముందు, ఇంకో చెయ్యి తొడ వెనక పెట్టండి. ఏం తెలిసింది? రెండూ గట్టిపడ్డాయి కదా. కాస్త ఆలోచించండి. నేనిప్పుడే ఏం చెప్పాను? ముందు కండరం మోకాలిని చాపుతుంది, వెనక కండరం మోకాలిని మడుస్తుంది. లేవాలంటే మోకాలు చాపాలి. మరి మడిచే కండరం ఎందుకు లాగుతోంది? ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి లాగితే బండి కదలకూడదు కదా.

ఇది 1903లో అమెరికా శాస్త్రవేత్త వారెన్ లంబార్డ్‌ను పట్టుకున్న ప్రశ్న. ఆయన పేరుమీదే దీన్ని లంబార్డ్ చిక్కుముడి అంటారు. జవాబు ఏమిటంటే, ఈ కండరాలు ఒక్క కీలు మీద పనిచేసేవి కావు. హామ్‌స్ట్రింగ్స్ పైన కూర్చునే ఎముక దగ్గర మొదలై తుంటినీ మోకాలినీ రెండిటినీ దాటుతాయి. తొడ ముందు నాలుగు తలల్లో ఒకటీ అంతే, తుంటి మీంచి దిగుతుంది. లేచేటప్పుడు మోకాలితో పాటు తుంటి కూడా చాపుకోవాలి. వెనక కండరం తుంటిని చాపుతుంది, దానితోపాటు మోకాలిని కాస్త మడవబోతుంది. ముందు కండరం మోకాలిని చాపుతుంది, తుంటిని కాస్త మడవబోతుంది. అయితే వెనకదానికి తుంటి దగ్గర పట్టు ఎక్కువ, మోకాలి దగ్గర తక్కువ. ముందుదానికి మోకాలి దగ్గర పట్టు ఎక్కువ, తుంటి దగ్గర తక్కువ. రెండూ కలిసి లాగితే రెండు చోట్లా చాపడమే గెలుస్తుంది. పోట్లాడుకుంటున్నట్టు కనిపించే ఇద్దరు కలిసి మనల్ని నిలబెడుతున్నారు. కూర్చోండి.

రెండు కీళ్ళు దాటే కండరాలకు ఒక హద్దు ఉంటుంది. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోమంటే తొడ వెనక ఎక్కడో పట్టేస్తుంది. నడుము వంగడం లేదేమో అనుకుంటారు. చాలామందికి నడుము బాగానే ఉంటుంది. ఒకే తాడును తుంటి దగ్గరా మోకాలి దగ్గరా రెండుచోట్లా సాగదీస్తున్నారు, అది సరిపోదు. మోకాలు కొంచెం వంచండి, చేతులు వెంటనే కిందికెళ్తాయి. పిల్లలను వంగలేదని కోప్పడేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. అది బద్ధకం కాదు, తాడు పొడవు.

ఒక అడుగు

ఇక నడక. నడకను మెల్లగా చూద్దాం, ఒక్క అడుగు చాలు.

మడమ నేలకు తగిలింది. ఆ క్షణంలో పాదం ముందు భాగం ఇంకా గాలిలో ఉంది. వదిలేస్తే ఏమవుతుంది? టప్పున నేలకు కొట్టుకుంటుంది. అలా జరగకుండా కాలి ముందు కండరం, మోకాలి కింద ఎముక పక్కన ఉండేది, పాదాన్ని పట్టుకుని మెల్లగా దించుతుంది. అదే సమయంలో మోకాలు కొంచెం, పదిహేను ఇరవై డిగ్రీలు, మడుస్తుంది. అక్కడ తొడ ముందు కండరం పట్టుకుంటుంది, అంతకు మించి మడవనివ్వదు. తర్వాత శరీరం ఆ కాలి మీంచి ముందుకు వాలుతుంది. మరీ వేగంగా వాలిపోకుండా పిక్క పట్టుకుంటుంది.

గమనించారా? ఇప్పటిదాకా నేను చెప్పిన ప్రతి వాక్యంలోనూ కండరం పట్టుకుంది, ఆపింది, దించింది. ఒక్కటి కూడా మనల్ని ముందుకు తోయలేదు! ఆ తర్వాత, అడుగు చివర్లో, పిక్క మడమను పైకి లాగి మనల్ని ముందుకు పంపుతుంది. అసలైన తోపు అదొక్కటే. తర్వాత కాలు గాలిలోకి లేచి ముందుకు ఊగుతుంది. ఆ ఊపులో చాలా భాగం గడియారం లోలకంలాంటిదే, మెల్లగా నడిచేటప్పుడు కండరాలు పెద్దగా కష్టపడవు. తుంటి కండరం మొదట్లో కాస్త అందిస్తుంది, పాదం నేలకు రాసుకోకుండా ముందు కండరం ఎత్తి పెడుతుంది, చివర్లో హామ్‌స్ట్రింగ్స్ ఊగే కాలిని ఆపుతాయి. మళ్ళీ ఆపడమే. వేగంగా పరుగెత్తేవాళ్ళకు హామ్‌స్ట్రింగ్ చిరగడం ఎక్కువగా జరిగేది ఆ ఆపే క్షణంలోనే. మొత్తం అడుగులో పాదం నేల మీద ఉండేది సుమారు అరవై శాతం, గాలిలో నలభై శాతం.

పాదం దించే ఆ కండరం గురించి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒకాయన వచ్చారు. కాలు విరిగి కట్టు కట్టించుకుని, అది విప్పించుకున్నాక వచ్చారు. ‘ఎముక అతుక్కుంది కానీ పాదం నా మాట వినడం లేదండీ’ అన్నారు. నేను ముందు ఆయన చెప్పులు చూశాను. రెండూ ఒకే జత, ఒకేసారి కొన్నవి. ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగింది, అందరికీ అరిగినట్టే. కుడి చెప్పు మడమ దగ్గర దాదాపు కొత్తగా ఉంది, ముందు అంచు మాత్రం బొటనవేలి కింద పల్చబడి చీలిపోయింది. నడవమన్నాను. మోకాలు మామూలుకన్నా ఎత్తుగా లేపుతున్నారు, మెట్టు ఎక్కుతున్నట్టు. పాదం వేలాడుతోంది, నేలకు తగిలినప్పుడల్లా టప్ మని చప్పుడు. మోకాలి బయటివైపు, కొంచెం కింద, ఎముక బొడిపె ఉంటుంది చూడండి, అందరూ ఒకసారి తడమండి. దాని మెడ చుట్టూ ఒక నరం తిరిగి వెళ్తుంది, చర్మానికి చాలా దగ్గరగా. కట్టు అక్కడ నొక్కింది. నరం నలిగింది. కండరం ఆరోగ్యంగానే ఉంది, ఆజ్ఞ అందడం లేదు. ఆయనకు నాలుగు నెలలు పట్టింది. ఒకరోజు బల్ల మీద కూర్చుని, బొటనవేలు ఒక్క వేలెడు పైకి లేపి, ఏమీ మాట్లాడకుండా నావైపు చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంకొక కండరం. పిరుదు పక్క భాగంలో, చెయ్యి పెట్టుకునే చోటుకు కొంచెం కింద. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ కాసేపు ఒంటికాలి మీద ఉంటాం. అప్పుడు గాలిలో ఉన్న కాలి వైపు నడుము కిందికి వాలిపోవాలి. వాలదు. నేల మీదున్న కాలి వైపు ఈ కండరం కటి ఎముకను లాగి పట్టుకుంటుంది. ఒంటికాలి మీద నిలబడితే అది శరీర బరువుకు దాదాపు రెండింతలు లాగాలి. ఆ లాగుడూ, బరువూ కలిసి తుంటి కీలు మీద రెండున్నర, మూడు రెట్ల భారం పడుతుంది. ఈ కండరం బలహీనపడితే అవతలి వైపు నడుము జారుతుంది. జర్మన్ డాక్టర్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో దీన్ని వివరించాడు, ఇప్పటికీ మేం ఆ పరీక్ష ఆయన పేరుతోనే చేస్తాం.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడుగుతాను. కుడి తుంటి నొప్పిగా ఉన్నవాళ్ళు చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? కుడి చేత్తోనా? చాలామంది కుడి అంటున్నారు. ఎడమ చేత్తో పట్టుకోవాలి. కుడికాలి మీద నిలబడ్డప్పుడు పడిపోబోయేది ఎడమ వైపు. ఆ వైపు కర్ర ఊతమిస్తే కుడి వైపు కండరం అంత గట్టిగా లాగక్కర్లేదు. కండరం లాగుడు తగ్గితే కీలు మీద భారమూ తగ్గుతుంది. దయచేసి ఇంట్లో పెద్దవాళ్ళకు ఇది చెప్పండి. తప్పు చేత్తో కర్ర పట్టుకుని ఏళ్ళ తరబడి నొప్పి భరించినవాళ్ళను చూశాను.

పిక్క గురించి. మన భాషలో పారిపోయాడనడానికి ‘పిక్కబలం చూపించాడు’ అంటాం, ‘కాలికి బుద్ధి చెప్పాడు’ అంటాం. ఆ మాట పుట్టించినవాళ్ళు సరిగ్గా చూశారు, పరుగు నిజంగా పిక్కలోనే ఉంది. ఒంటికాలి మునివేళ్ళ మీద నిలబడితే, పాదం ముందు భాగం చీలమండ నుంచి పన్నెండు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, మడమ వెనక తాడు అయిదు సెంటీమీటర్ల దూరంలో. అంటే తాడు శరీర బరువుకు దాదాపు రెండున్నర రెట్లు లాగాలి. అరవై కిలోల మనిషికి నూట యాభై కిలోలు. పరుగులో ఇది ఇంకా చాలా పెరుగుతుంది. శరీరంలోకెల్లా లావైన, బలమైన తాడు అదే, అకిలిస్ తాడు. అది ఊరికే లాగే తాడు కాదు, స్ప్రింగు కూడా. పరుగులో పాదం నేల మీద పడ్డప్పుడు సాగి శక్తిని దాచుకుంటుంది, లేచేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే కండరం ప్రతి అడుగుకీ మొత్తం శక్తి కొత్తగా ఖర్చుపెట్టక్కర్లేదు. పిక్క లోపలి పొర, సోలియస్, ఇంకో పని కూడా చేస్తుంది. అది బిగిసినప్పుడల్లా పక్కనున్న సిరల్ని పిండి రక్తాన్ని గుండె వైపు ఎక్కిస్తుంది. సిరల్లోని కవాటాలు దాన్ని వెనక్కి రానివ్వవు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పాదాలు వాచేది ఇందుకే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కాలు దించేటప్పుడు కండరం ఎందుకు బిగుసుకుంది?

మెట్లు ఎక్కేటప్పుడు తొడ కండరం పొట్టిదవుతూ లాగుతుంది. దిగేటప్పుడు అదే కండరం పొడవవుతూ లాగుతుంది. వింతగా ఉంది కదా, లాగుతోంది కానీ సాగుతోంది. బావిలోకి నిండు బిందె దించేటప్పుడు తాడును ఒక్కసారి వదిలేస్తామా? బిగించి పట్టుకుని, కొంచెం కొంచెంగా జారనిస్తాం. చేతులు లాగుతూనే ఉంటాయి, తాడు కిందికి వెళ్తూనే ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు మీ తొడ చేసే పని అదే. కూర్చునేటప్పుడు, వాలు మీద నడిచేటప్పుడు, ఎత్తు నుంచి దూకేటప్పుడు, అన్నిచోట్లా అదే.

ఈ పని చవకగా అవుతుంది కూడా. 1952లో ఇంగ్లండులో ఆబట్, బిగ్లాండ్, రిచీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు రెండు సైకిళ్ళను వెనక వైపులు ఎదురెదురుగా ఉండేలా పెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కుతారు, ఇంకొకరు అదే బలంతో పెడల్స్‌ను ఆపుతూ ఉంటారు. ఇద్దరి కాళ్ళూ ఒకే వేగంతో తిరుగుతాయి, ఒకే బలం పెడతాయి. తొక్కేవారు ఆపేవారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఆక్సిజన్ వాడారు. ఆపే వైపు కూర్చున్న చిన్నపాటి మనిషి బిగ్లాండ్ తొక్కే వైపున్న పెద్ద మనిషిని సునాయాసంగా అలసిపోయేలా చేసింది.

మరి అంత చవకైతే, కొండ దిగిన మర్నాడు తొడలు ఎందుకు అంతగా నొప్పిపుడతాయి? ఎక్కడం కష్టం, దిగడం సులువు అనిపిస్తుంది, కానీ మర్నాడు, ఎల్లుండి పీకేది దిగిన తొడలే. కండరం సాగుతూ లాగినప్పుడు తక్కువ తంతువుల మీద ఎక్కువ బరువు పడుతుంది. అక్కడక్కడా సన్న సన్న చిరుగులు వస్తాయి. వాటిని శరీరం బాగుచేసుకునే రోజుల్లో వచ్చే నొప్పి అది. కష్టపడ్డ కండరంలో పుట్టే లాక్టిక్ ఆమ్లం వల్ల అని చాలామంది చెప్తారు. అది కాదు. ఆ ఆమ్లం గంటా రెండు గంటల్లోనే పోతుంది, నొప్పేమో రెండో రోజు ముదురుతుంది. మంచి సంగతి ఏమిటంటే, కొద్ది రోజుల తర్వాత అదే కొండ మళ్ళీ దిగితే అంత నొప్పి ఉండదు. కండరం నేర్చుకుంటుంది.

నాకు దీని మీద ఎందుకింత పట్టుదలంటే, పెద్దవయసులో మనుషులు పడిపోయేది ఎక్కేటప్పుడు కాదు, ఎక్కువగా దిగేటప్పుడు, కూర్చునేటప్పుడు, తడబడి నిలదొక్కుకోబోయినప్పుడు. అంటే ఆపే బలం చాలనప్పుడు. అందరూ వ్యాయామం అంటే ఎత్తడం, ఎక్కడం, పరుగెత్తడం అనుకుంటారు. దించడాన్ని ఎవరూ లెక్కచేయరు. బరువు పైకి లేపి కిందికి టపీమని వదిలేస్తారు. కుర్చీలో కూలబడతారు. సగం వ్యాయామం అక్కడే పోతోంది.

నరం సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. మోకాలి చిప్ప కింద డాక్టరు చిన్న సుత్తితో కొడతారు కదా, కాలు ఎగురుతుంది. కండరం సాగిందన్న కబురు వెన్నుపాముకు వెళ్ళి, ఆజ్ఞ తిరిగొచ్చి, తొడ కండరం బిగుస్తుంది. మెదడును అడగదు. సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. అదే సమయంలో వెనక హామ్‌స్ట్రింగ్స్‌కు ‘నువ్వు వదులు’ అనే ఆజ్ఞ కూడా వెళ్తుంది. షెరింగ్టన్ అనే శాస్త్రవేత్త ఈ ఏర్పాటును విడమరిచి చూపించాడు, నరకణాల మీద ఆయన చేసిన కృషికి 1932లో నోబెల్ వచ్చింది. చీకట్లో చివరి మెట్టు అయిపోయిందనుకుని ఇంకో మెట్టు ఉన్నప్పుడు, మీరు ఉలిక్కిపడేలోపే కాలు బిగుసుకోవడం మొదలైపోయి ఉంటుంది.

సరే, ఇప్పుడు చివరి పని. మోకాళ్ళు బాగా నొప్పి ఉన్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు కూర్చునే ఉండండి. మిగతావాళ్ళు లేవండి, చేతులు కట్టుకోండి. నేను అయిదు లెక్కపెడతాను. అయిదు అన్నప్పుడే కుర్చీ తగలాలి, అంతకు ముందు తగలకూడదు. దిగుతున్నంతసేపూ తొడ ముందు ఏం జరుగుతోందో గమనించండి. ఒకటి... రెండు... మూడు...

చూశారా, మూడు దగ్గరే కుర్చీల చప్పుడు వినిపించింది. ఫరవాలేదు, మొదటిసారి అందరికీ అక్కడే జారుతుంది. మోకాళ్ళు వంగేకొద్దీ తొడకు బరువు పెరుగుతుంది. మళ్ళీ లేవండి. ఈసారి మూడు దగ్గర ఊపిరి బిగపట్టకండి, కొంచెం ముందుకు వంగండి. ఒకటి...